నలభై దాటినవాళ్ళను ‘పాపా’, ‘అబ్బాయ్’ అని పిలవడం ప్రేమా, చిన్నచూపా?

మైపాడు అల (నెల్లూరు)

నాకు నలభై ఒకటి. ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తా. జీఎస్టీ రిటర్నులు, ఆడిట్, బ్యాంకు పనులు, జీతాల లెక్క అన్నీ నా చేతి మీదుగానే పోవాలి. మా మేనేజరు నాకంటే ఐదారేళ్ళు పెద్ద, అంతే. ఆయనకు నేను "పాప". "పాపా, ఆ ఫైలు తీసుకురా", "పాపా, ఒకసారి ఇటు రా". బయటివాళ్ళు వస్తే "మా అమ్మాయి చూసుకుంటుంది లెండి" అంటాడు. నా పక్క సీట్లో కొత్తగా చేరిన కుర్రాడికి ఇంకా ముప్పై రాలేదు, అతని పేరు చివర మాత్రం గారు తప్పనిసరి. తోటివాళ్ళతో అంటే "సొంత మనిషి అనుకుని పిలుస్తున్నాడు, అందులో తప్పేముంది" అంటున్నారు. మా అమ్మ ఇప్పటికీ నన్ను పాపా అనే పిలుస్తుంది, ఆ పిలుపు వినకపోతే నాకు తోచదు. అదే మాట ఆఫీసులో వింటే ఒళ్ళు మండుతోంది. పెద్దవాళ్ళను చిన్నపిల్లల్ని పిలిచినట్టు పిలవడం ప్రేమేనా, చిన్నచూపా? మీ దగ్గర ఎట్లా ఉందో రాయండి.

అల్లూరు పెద్దాయన

అమ్మా, మీ మేనేజరు సంగతి తర్వాత చెప్తా. ముందు మన జిల్లా మాటకు మచ్చ రాకూడదని రాస్తున్నా. మా వైపు అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట ఎటు పోయినా "అబ్బయ్యా" అనే పిలుపుకు వయసుతో పనిలేదు. చేనుగట్టు మీద డెబ్బై ఏళ్ళ మనిషి యాభై ఏళ్ళ మనిషిని "ఏందబ్బయ్యా, నాట్లు అయిపోయినాయా" అని అడుగుతాడు, ఆ యాభై ఏళ్ళాయన రొయ్యల గుంట కాడ తన ఈడువాడిని అదే మాటతో పలకరిస్తాడు. "మా పిలకాయలు బెంగళూరులో ఉండారు" అని ఒక ముసలమ్మ చెప్తే, ఆ పిలకాయలకు తలలు నెరిసి వాళ్ళ బిడ్డల పెళ్ళిళ్ళు కూడా అయిపోయి ఉంటాయి. హైదరాబాదులో బస్టాండులో ఎవరన్నా అబ్బయ్యా అంటే తిరిగి చూసి "నెల్లూరా?" అని అడుగుతాం. అందులో ఎవరూ ఎవర్నీ తగ్గించడం లేదు. ఇదంతా తప్పని తీసేస్తే మిగిలేది సార్, మేడమ్. నాకది వద్దు.

పొదిలి పిల్ల

పెద్దాయన మాటే నా మాట. నాకు ముప్పై ఆరు, ఇక్కడి నా పేరులోనే పిల్ల ఉంది, ఇష్టపడి పెట్టుకున్నా. ఊరికి పోతే మా వీధిలో పెద్దమ్మలంతా "ఏం పిల్లా ఎప్పుడొచ్చావ్" అంటారు. నేను పుట్టినప్పటి నుంచి చూసినవాళ్ళు కదా, వాళ్ళకు నేనెప్పుడూ పిల్లనే. ఇంకో సంగతి కూడా ఆలోచించండి, కూరగాయల బండి దగ్గర, బట్టల షాపులో నాకంటే నాలుగేళ్ళు చిన్నవాళ్ళు "ఆంటీ" అంటున్నారు. దాని కంటే అమ్మాయ్ ఎంతో నయం.

చీమకుర్తి క్రేన్

పెద్దాయనా, మీరు చెప్పిన అబ్బయ్యా రెండు వైపులా నడిచేది. నేను మిమ్మల్ని అనలేకపోయినా నా ఈడువాళ్ళను అనగలను, మీ ఈడువాళ్ళు మిమ్మల్ని అంటారు. మా క్వారీల్లో నడిచేది ఒక వైపే. ఇక్కడి గెలాక్సీ గ్రానైట్ దేశదేశాలకు పోతుంది, దాన్ని కొండలో నుంచి కోసి తీసేవాళ్ళలో సగం మంది నలభై దాటినోళ్ళే. అయినా సూపర్‌వైజర్ ఫోనులో అడిగేది "ఈ పూట కుర్రోళ్ళు ఎంతమంది దిగారు" అని. పాతికేళ్ళ సూపర్‌వైజరు యాభై రెండేళ్ళ డ్రిల్లింగ్ మనిషిని "ఒరే అబ్బాయ్" అంటాడు. ఆ మనిషి తిరిగి అబ్బాయ్ అంటే ఆ సాయంత్రమే లెక్క తేల్చి పంపించేస్తారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. కుర్రోడు అంటే పెళ్ళాం బిడ్డలు లేరనీ, నడుం నొప్పి రాదనీ, రాత్రి షిఫ్టు వేసినా ఏం కాదనీ లెక్క. "కుర్రోళ్ళకు ఇంత చాల్లే" అనే మాట కూలి దగ్గర కూడా వస్తుంది. దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైన మనిషిని కూడా కుర్రోడనే అంటుంటే, అతనికి పీఎఫ్ ఉందా, వైద్యం ఎవరు చూడాలి అని అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. పిలుపు ఒక్కటే మారితే కూలి పెరుగుతుందని నేను అనడం లేదు. కానీ ఆ పిలుపు వాళ్ళకు బాగా పనికొస్తోంది.

బాలాజీనగర్ ఇల్లాలు

చీమకుర్తి అన్న రాసింది చదివాక మా అపార్టుమెంటు గుర్తొచ్చింది. ఇక్కడ అన్ని ఇళ్ళల్లో "పనమ్మాయి" అనే అంటారు. మా ఇంటికొచ్చే ఆమెకు ఇద్దరు మనవళ్ళు. వాట్సాప్ గ్రూపులో "ఈ రోజు మా పనమ్మాయి రాలేదు, మీ పనమ్మాయిని పంపగలరా" అని పెడతారు, మళ్ళీ ఐదేళ్ళ పిల్లలు ఆమెను పేరు పెట్టి నువ్వు అంటారు. మా ఇంట్లో పిల్లలు ఆమెను అత్తా అంటారు, మేం పేరు చివర అమ్మ కలిపి పిలుస్తాం. దీనికి పెద్దగా కష్టపడింది కూడా లేదు, ఆమెకు ఒక పేరుంది, అడిగితే చెప్పింది.

కందుకూరు మాస్టారు

నేను ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పుడు డాక్టర్లు, తహసీల్దార్లు, మేస్త్రీలు, ఆటో డ్రైవర్లు. వాళ్ళలో ఎవరు కనిపించినా నా నోట మొదట వచ్చేది "ఒరేయ్". పూర్వ విద్యార్థుల సమ్మేళనాల్లో మైకు ముందు నేను "మీరు" అంటే వాళ్ళకే నచ్చదు, "ఏంటి మాస్టారూ పరాయివాళ్ళని చేశారు" అంటారు. యాభై అయిదేళ్ళ మనిషికి ఒరేయ్ అని పిలిచేవాళ్ళు ఈ లోకంలో ఎంతమంది మిగిలి ఉంటారు చెప్పండి? తల్లీ తండ్రీ పోయాక ఆ పిలుపు కోసమే నా దగ్గరికి వచ్చి కూర్చునేవాళ్ళున్నారు. అందుకని ఇది చిన్నచూపు అనే మాట నేను ఒప్పుకోను.

అయితే ఒక హద్దు నేను మొదటి నుంచీ పెట్టుకున్నాను. వాడు ఆఫీసరుగా కుర్చీలో ఉన్నప్పుడు, వాడి సిబ్బంది ఎదురుగా ఉన్నప్పుడు నేను "మీరు" అనే అంటాను. అక్కడ వాడి మాట చెల్లాలి. నేను ఒరేయ్ అంటే ఎదురుగా నిలబడ్డ అటెండరు కళ్ళలో వాడు ఒక మెట్టు దిగుతాడు. ఆ హక్కు నాకు లేదు. మైపాడు అల గారి మేనేజరు బయటివాళ్ళ ముందు "మా అమ్మాయి" అనడం నాకు అందుకే నచ్చలేదు.

ఉదయగిరి కొండ

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. మీ ఒరేయ్‌కి మీ విద్యార్థులు ఎదురొస్తారు. మా తాత ఒరేయ్‌కి పక్కకు తప్పుకునేవాడు.

మాది ఎస్సీ కాలనీ. మా తాత డెబ్బై ఏళ్ళు దాటేదాకా ఒకే రైతు కింద పని చేశాడు. ఆ ఇంట్లో పదేళ్ళ పిల్లోడు కూడా ఆయన్ని "ఒరే" అని పేరు చివర "గా" తగిలించి పిలిచేవాడు. తాత మాత్రం ఆ పిల్లోడిని "బాబుగారు", "చిన్నయ్య" అనాలి. అంటే మా వైపు మనిషి ఎంత ముసలివాడైనా పెద్దవాడు కాడు, వాళ్ళ వైపు పిల్లోడు పుట్టుకతోనే పెద్దవాడు. వయసు పెరగకుండా ఆపేసేది ప్రేమని ఎట్లా అనుకోవాలి? ఆ ఇంటివాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, మా నాన్న చదువుకు డబ్బులిచ్చారు, తాతకు జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ మంచితనం, ఆ పిలుపు రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి, అందుకే తాత ఎప్పుడూ నోరెత్తలేదు.

కులం పేరుతో నలుగురిలో దూషిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. "ఒరే అబ్బాయ్, ఇటు రా" అన్నందుకు ఏ స్టేషన్‌కు పోయి ఏమని రాయిస్తాం? పైగా "మా మనిషేనని చనువుతో అన్నా" అనేస్తారు. పిలిపించుకున్న మనిషి వద్దని చెప్తే ఏం జరుగుతుందో చూడండి, చనువో కాదో అప్పుడు తెలుస్తుంది.

పెన్న ఒడ్డు

మంచిగా సాగుతున్న చర్చను కులంలోకి లాగాల్సిన పని లేదు. పల్లెల్లో అందరూ అందర్నీ ఒరేయ్ అనే పిలుచుకుంటారు.

ఉదయగిరి కొండ

@పెన్న ఒడ్డు, అందరూ అందర్నీ కాదు అన్నా. మా తాత ఎవరెవర్ని ఒరేయ్ అనగలిగేవాడో పేర్లు చెప్పమంటే మా కాలనీ దాటి ఒక్క పేరూ రాదు. నేను లాగింది కాదు, అది అక్కడే ఉంది.

అడ్మిన్

ఇద్దరూ ఇంతవరకు మర్యాదగానే రాశారు, అలాగే సాగనివ్వండి. కులం గురించి రాయకూడదనే నియమం ఈ వేదికలో లేదు. వ్యక్తుల పేర్లు, ఊళ్ళలో ఇళ్ళ పేర్లు మాత్రం రాయకండి.

కావలి నుంచి డాలస్

ఉదయగిరి బ్రదర్ రాసింది చదువుతుంటే ఇక్కడి చరిత్ర కళ్ళ ముందుకొచ్చింది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి మగవాళ్ళను ఎంత వయసొచ్చినా "బాయ్" అనేవాళ్ళు, ఆడవాళ్ళను మొదటి పేరుతోనే పిలిచేవాళ్ళు. మిస్టర్, మిస్ లాంటివి తెల్లవాళ్ళకే. 1963లో అలబామాలో మేరీ హామిల్టన్ అనే పౌరహక్కుల కార్యకర్తను కోర్టులో ప్రభుత్వ లాయరు "మేరీ" అని పిలిస్తే, మిస్ హామిల్టన్ అనేదాకా జవాబు చెప్పనంది. కోర్టు ధిక్కారమని జైలు శిక్ష, యాభై డాలర్ల జరిమానా వేశారు. 1964లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. పిలుపు కోసం జైలుకు పోవడం అనవసరం అనిపించవచ్చు, ఆవిడకు అనిపించలేదు. 1968లో మెంఫిస్ పారిశుద్ధ్య కార్మికుల సమ్మెలో అందరి చేతుల్లోనూ ఒకటే ప్లకార్డు, "నేను మనిషిని" అని. బాయ్ కాదు, ఎదిగిన మగవాణ్ణి అని దాని అర్థం.

ఇక్కడ మనకు పనికొచ్చే కేసు ఇంకొకటి ఉంది. టైసన్ ఫుడ్స్ కోళ్ళ ఫ్యాక్టరీలో ఇద్దరు నల్లజాతి ఉద్యోగులు ప్రమోషన్ రాలేదని కేసు వేశారు, మేనేజరు తమను బాయ్ అనేవాడని సాక్ష్యం చెప్పారు. ముందు బ్లాక్ అనో వైట్ అనో చేర్చకుండా ఒట్టి బాయ్ అంటే అది వివక్షకు రుజువు కాదని కింది కోర్టు అంది. 2006లో సుప్రీంకోర్టు ఆ మాట తప్పని చెప్పింది. మాట అర్థం సందర్భాన్ని, గొంతును, ఆ ప్రాంతపు అలవాటును, ఆ మాటకున్న చరిత్రను బట్టి తేలుతుంది అంది. అల్లూరు పెద్దాయన చెప్పిన ప్రాంతపు అలవాటూ, ఉదయగిరి చెప్పిన చరిత్రా రెండూ అందులో ఉన్నాయి. రెండింటినీ కలిపి చూడాలి, ఒకటి చెప్పి ఇంకోటి వదిలేస్తే కుదరదు.

యూరప్‌లో దీన్ని ప్రభుత్వాలే పట్టించుకున్నాయి. పెళ్ళికాని ఆడవాళ్ళను ఎంత వయసొచ్చినా "చిన్నమ్మాయి" లెక్కలో ఉంచే పిలుపును పశ్చిమ జర్మనీ 1972లో ప్రభుత్వ కార్యాలయాల్లో ఆపేసింది. ఫ్రాన్స్ 2012లో సర్కారు ఫారాల నుంచి పెళ్ళికాని ఆడవాళ్ళకు వాడే మదమోజెల్ అనే పిలుపును తీసేసింది, పెళ్ళయినా కాకపోయినా మదామే.

పొదిలి పిల్ల

ఇది నాకు తెలియదు. మన దగ్గర మగవాళ్ళకు పెళ్ళయిందో లేదో పిలుపులో తెలియదు, ఆడవాళ్ళకైతే కుమారి, శ్రీమతి. ఫారం నింపేటప్పుడల్లా నాకు చిరాకే. కానీ మా వీధి పెద్దమ్మల "పిల్లా"ను దీంతో కలపొద్దు ప్లీజ్.

బాలాజీనగర్ ఇల్లాలు

@పొదిలి పిల్ల, పెద్దమ్మల మాట ఎవరూ కాదనలేదమ్మా. నువ్వు మొదట రాసిన ఆంటీ సంగతి మాత్రం నాకు వేరేగా తోస్తోంది. ఆంటీ అంటే మనకు కోపం, అమ్మాయ్ అంటే సంతోషం. అంటే ఆడదానికి వయసు రావడమే ఒక తప్పన్నట్టు మనమే ఒప్పుకున్నామా? మగవాళ్ళలో యాభై ఏళ్ళాయన్ని అబ్బాయ్ అంటే మురిసిపోయేవాళ్ళు తక్కువ, వాళ్ళకు "పెద్దమనిషి" అంటే గౌరవం. మనకు పెద్దమనిషి కావడం అంటే ఇంకో అర్థం, అదీ పన్నెండేళ్ళకే అయిపోతుంది. 1992లో మా నెల్లూరు జిల్లాలోనే దూబగుంటలో సారా దుకాణాన్ని మూయించింది రాత్రి బడిలో చదువుకున్న ఆడవాళ్ళు. వర్ధినేని రోశమ్మ ముందు నిలబడింది, ఆ ఊరి నుంచి ఉద్యమం రాష్ట్రమంతా పాకి మరుసటేడు సారా నిషేధం వచ్చింది. వాళ్ళల్లో చాలామంది కూలి చేసుకునే తల్లులు. అలాంటి వాళ్ళను "ఆడపిల్లలు కదా, వాళ్ళకేం తెలుసు" అని తీసిపారేసే నోళ్ళు మన మధ్య ఇంకా ఉన్నాయి. నన్ను ఆంటీ అన్నా పర్లేదు, పిన్నీ అన్నా పర్లేదు. నేను చెప్పింది విన్నారా లేదా అనేదే చూస్తాను.

ఒంగోలు సిస్టర్

నేను ఒంగోలులో ఒక ఆసుపత్రిలో మేల్, ఫిమేల్ జనరల్ వార్డులు రెండూ చూశాను, ఇప్పుడు ముసలివాళ్ళ వార్డులో ఉన్నాను. ఇక్కడ ఎవరూ రాయని కోణం ఒకటుంది, పేషెంట్లది.

మంచం ఎక్కిన మరుక్షణం మనిషిని పసిబిడ్డను చేసేస్తాం. "బుజ్జీ, బువ్వ తిందామా", "బంగారూ, సూది వేయించుకుందామా, ఏడవకూడదు మరి", "గుడ్ బాయ్, మాత్ర మింగేశాం". సూది వేయించుకునేది ఆయనొక్కడే, మనం కాదు. ఊరి సర్పంచిగా చేసిన మనిషి, నలభై ఎకరాలు ఒంటిచేత్తో సాగు చేసిన మనిషి, తొమ్మిది మందిని కని పెంచిన తల్లి, అందరికీ ఒకే ముద్దుమాట. దీనికి ఇంగ్లీషులో ఎల్డర్‌స్పీక్ అని పేరుంది, నర్సింగ్‌లో దాని మీద పరిశోధనలు జరిగాయి. కాన్సాస్ యూనివర్సిటీలో క్రిస్టీన్ విలియమ్స్ బృందం మతిమరుపు జబ్బున్న వృద్ధుల సంరక్షణను వీడియో తీసి చూసి 2009లో ప్రచురించింది. సిబ్బంది ఇలా పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడినప్పుడు పేషెంట్లు మొండికేయడం, చేయి తోసేయడం, అరవడం ఎక్కువగా కనిపించింది. మామూలుగా పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడితే తక్కువ. జ్ఞాపకం పోయిన మనిషికి కూడా తనను తక్కువ చేస్తున్నారని తెలుస్తుంది. ఇది నేను రోజూ కళ్ళారా చూస్తున్నదే. స్నానం దగ్గర గొడవ చేసే ముసలాయన్ని "అయ్యా, నీళ్ళు వేడిగా ఉన్నాయి, ముందు కాళ్ళ మీద పొయ్యమంటారా" అని అడిగితే తలూపుతాడు.

మా సిస్టర్లలో ప్రేమ లేదని అనడం లేదు. పన్నెండు గంటల డ్యూటీలో ప్రేమ లేకపోతే ఆ ముద్దుమాట కూడా నోటికి రాదు. నేను కొత్తగా వచ్చే స్టాఫ్‌కు చెప్పేది ఒకటే, అడ్మిషన్ రోజునే అడగండి, "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని. అడిగినప్పుడు వచ్చే జవాబులు ఎవరూ ఊహించలేరు. ఒక రిటైర్డ్ హెడ్మిస్ట్రెస్ "మేడమ్ అనండి చాలు" అన్నారు. దర్శి వైపు రైతు ఒకాయన "పేరు వద్దులే, పెదనాన్నా అను" అన్నాడు. ఇంకో అవ్వ "నన్ను చిట్టీ అనేవాడు మా ఆయన, నువ్వూ అట్నే పిలువు" అంది, ఆవిడను ఆఖరిదాకా చిట్టీ అనే పిలిచాం. అంటే ముద్దుపేరు తప్పని కాదు. ఆవిడే కావాలని ఇచ్చింది.

అల్లూరు పెద్దాయన

సిస్టర్ రాసింది బాగుంది. నన్ను రేపు మీ వార్డులో చేర్చితే "అబ్బయ్యా" అనమని చెప్తా. బుజ్జీ అంటే మాత్రం ఊరుకోను.

మైపాడు అలకు చెప్తానన్న మాట. మీ మేనేజరుది మన అబ్బయ్యా జాతి కాదమ్మా. పక్క కుర్రోడికి గారు పెట్టి మీకు పాప పెట్టాడంటే ఆయనకు తేడా బాగా తెలుసు.

దర్గామిట్ట లాయర్

చట్టం వైపు నుంచి కొంచెం. ఒట్టి "పాపా" అన్నంత మాత్రాన కేసు నిలుస్తుందని ఎవరైనా చెప్తే నమ్మకండి. కానీ 2013లో వచ్చిన పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. పిలుపుతో పాటు చూపు, తాకడం, వెకిలి మాట ఏదైనా ఉంటే అది కమిటీకి వెళ్ళాల్సిన విషయమే. 2024లో కలకత్తా హైకోర్టు ఒక మహిళా కానిస్టేబుల్‌ను డ్యూటీలో ఉండగా "డార్లింగ్" అన్న వ్యక్తి కేసులో, పరిచయం లేని స్త్రీని అలా పిలవడం లైంగిక ధ్వని ఉన్న మాటేనని చెప్పింది. పాప, డార్లింగ్ ఒకటి కావు. అయినా "సరదాగా అన్నా" అనే వాదన కోర్టులో అన్నిసార్లూ చెల్లదని తెలియడానికి చెప్తున్నా.

మీ విషయంలో కేసు దాకా అక్కర్లేదనిపిస్తోంది. ముందు ఎవరూ లేనప్పుడు నోటితో చెప్పండి. మానకపోతే మెయిల్ పెట్టండి, రెండు లైన్లు చాలు, కోపం లేకుండా. మెయిల్ ఉంటే తర్వాత అవసరమైతే అదే ఆధారం.

మైపాడు అల (నెల్లూరు)

లాయర్ గారూ, చెప్పాను. మొన్న నెలాఖరు లెక్కలు ముగిశాక ఆయన గదికి వెళ్ళి "సార్, ఆఫీసులో నన్ను పేరుతో పిలవండి, బయటివాళ్ళ ముందు అకౌంట్స్ హెడ్ అని పరిచయం చేయండి" అన్నాను. ఇంత చిన్నదానికా అన్నాడు. చిన్నదే కాబట్టి మార్చుకోవడం సులభం సార్ అన్నాను. ముఖం ముడుచుకున్నాడు. బ్యాంకువాళ్ళు వచ్చినప్పుడు మాత్రం పేరు, హోదా చెప్పాడు. ఇప్పుడు నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతున్నాడు, కొంత టెన్షన్‌గానే ఉంది, అయినా అడిగినందుకు బాధ లేదు.

కందుకూరు మాస్టారు

మంచి పని చేశావమ్మా. అమ్మా అనవచ్చునా మిమ్మల్ని?

మైపాడు అల (నెల్లూరు)

అనండి మాస్టారూ. మీరు అడిగారు.

ఆర్టీసీ అన్న (కనిగిరి)

కండక్టర్‌ని. మా కష్టం కూడా వినండి. పల్లెవెలుగులో రోజూ కొన్ని వందల మందిని పిలవాలి, ఎవరి వయసెంతో ఎవరికి ఏం నచ్చుతుందో చూసేంత టైం ఉండదు. అవ్వా అంటే "నేను అవ్వనా" అని పోట్లాడినోళ్ళున్నారు, అమ్మాయ్ అంటే "నీకు నేను అమ్మాయినా" అన్నోళ్ళున్నారు. ఆడవాళ్ళందర్నీ అమ్మా, మగవాళ్ళందర్నీ అన్నా అంటున్నా. అరవై ఏళ్ళాయన అన్నకు నవ్వుకుంటాడు, పదహారేళ్ళ పిల్లోడు సర్దుకుని కూర్చుంటాడు. పెద్ద చేసి పిలిస్తే ఇంతవరకు ఎవరూ గొడవ పెట్టుకోలేదు.

పెన్న ఒడ్డు

ఇంతవరకు చదివాను. ఉదయగిరి తమ్ముడూ, పల్లెలో అందరూ అందర్నీ అంటారన్న నా మాట మీద నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్నే. కాకపోతే ఈ తరంలో మా ఊళ్ళో చాలా మారింది, ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన టీచర్‌ను మా పిల్లలు సార్ అనే అంటారు.

ఉదయగిరి కొండ

మారింది అన్నా, నేనూ ఒప్పుకుంటా. ఉద్యోగం వచ్చినోడికి మారింది. ఉపాధి హామీ పనికి పోయే మా మామకు ఇంకా మారలేదు. ఆయన కూడా మారాలని నా కోరిక.

చీమకుర్తి క్రేన్

కొత్త సంగతి. మా దగ్గర కొంతమందిమి కలిసి కాంట్రాక్టరును ఒకటి అడగాలనుకుంటున్నాం. హాజరు పుస్తకంలో కొన్ని షిఫ్టులకు పేర్లు రాయకుండా "కుర్రోళ్ళు 14" అని అంకె వేసి ఊరుకుంటున్నారు. ఒడిశా నుంచి వచ్చినోళ్ళ విషయంలో ఇది ఎక్కువ. పేరు, వయసు, పని, కూలి అన్నీ రాయమని కాగితం ఇవ్వాలి. లాయర్ గారూ, దీనికి చట్టం ఏమన్నా ఉందా?

దర్గామిట్ట లాయర్

ఉంది. గనిలో పనిచేసే ప్రతి మనిషి పేరూ, చేసే పనీ రిజిస్టర్లో ఉండాలని 1952 గనుల చట్టంలోనే రాశారు, క్వారీలు కూడా దాని కిందికే వచ్చేవి. ఆ తర్వాత వచ్చిన కార్మిక చట్టాలు కూడా ఈ బాధ్యతను యజమాని మీద నుంచి తీసేయలేదు. ప్రమాదం జరిగినప్పుడు పరిహారం దగ్గర మొదట అడిగేది ఆ పుస్తకమే, అందులో పేరు లేని మనిషి అక్కడ పనిచేశాడని నిరూపించడానికి ఇంటివాళ్ళు ఏళ్ళ తరబడి తిరగాలి. కాగితం తెలుగులోనే రాయండి, అందరి సంతకాలూ వేలిముద్రలూ తీసుకోండి, ఒక కాపీ కార్మిక శాఖ ఆఫీసులో ఇచ్చి మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఒడిశా వాళ్ళ పేర్లు వాళ్ళ ఆధార్‌లో ఉన్నట్టే రాయండి, ఇక్కడ పిలిచే పేర్లు రాయొద్దు. నమూనా నేను రాసి రేపు సాయంత్రానికి ఇక్కడే పెడతాను.